జీతము, మెప్పు, మనసు
(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామోద్యోగులు, రైతులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు ఇచ్చట కూడినవారిలో గ్రామ కార్యాలయములలో పనిచేయు ఉద్యోగులు కలరు. బడిపంతుళ్లు కలరు. ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తలు కలరు. కాలువ గట్లపై రేయింబవళ్లు నడచు లస్కరులు కలరు. వీరి పనిపై ఆధారపడిన రైతులు, సర్పంచులు, నీటి సంఘముల పెద్దలును కలరు. పనిచేయువారు, పని కోరువారు ఒక్క పందిరి క్రింద కూర్చుండుట అరుదు. కావున ఇరువురికిని సంబంధించిన ఒక విషయమును మేము ఈ సభలో విన్నవింపదలచితిమి. మనిషి పని ఎందుకు చేయును? చేసిన పనిని బాగుగా ఎందుకు చేయును? జీతము కొరకా, బహుమానము కొరకా, భయము చేతనా, లేక తన మనసు చెప్పుట చేతనా?

ఇది పండితుల ప్రశ్న మాత్రమే కాదు. 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడిన పిమ్మట పలు శాఖల ఉద్యోగులు పల్లెలకే వచ్చి పనిచేయుచున్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి జిల్లా కచేరియు దగ్గరకు వచ్చినది. కార్యాలయము దగ్గరైనంత మాత్రమున పని దగ్గర కాదు. తలుపు తెరచి ఉన్నను లోపలి మనిషికి మనసు లేకున్న ముసలమ్మ పింఛను కాగితము బల్లపైననే ఉండును.

ఒక లస్కరు కథ

మొదట మేము కన్న ఒక సంగతి చెప్పుదుము. ఊరి పేరును, మనిషి పేరును చెప్పము. కాలువ క్రింది ఒక పల్లెలో ఒక లస్కరు ఉండెను. ప్రతిదినము తెల్లవారుజామున, మరల సాయంకాలమున తూము కడకు పోయి కొలబద్దపై నీటిమట్టము చూచి, పుస్తకములో వ్రాయుట అతని పని. అతడు పెక్కేండ్లు ఆ పనిని తప్పక చేసెను. వానలో పోయెను, జ్వరములో పోయెను. నెల తిరుగగనే పుస్తకమును పై కార్యాలయమునకు పంపెడివాడు. అది మరల తిరిగి వచ్చెడిది. ఒక నెల అతడు తెలియక ఒకనాటి అంకెను తప్పుగా వ్రాసెను. ఉండవలసినదానికి పదింతలు వ్రాసెను. ఎవరును అడుగలేదు. అప్పుడు అతనికి అర్థమైనది: ఆ పుస్తకమును ఎవరును చదువుట లేదు.

ఆ తరువాత అతడు తూము కడకు పోవుట తగ్గించెను. ఇంటి అరుగుపై కూర్చుండి అంకెలు ఊహించి వ్రాసెను. జీతము తగ్గలేదు, పెరుగలేదు. ఆ రబీలో ఎగువవారు రాత్రివేళ షట్టరు ఎత్తి నీరు మళ్లించుకొనిరి. పుస్తకములో మట్టము సరిగానే ఉన్నది. కొసభూములలో పైరు మాత్రము ఎండినది. కొస రైతులు అతనిని నిలదీసినప్పుడు అతడు అబద్ధమాడలేదు. "అయ్యా, నేను పోలేదు. పోయినా పోకపోయినా ఒకటే అయినప్పుడు కాళ్లు కదలలేదు" అనెను.

ఈ మాట మమ్ము చాలకాలము వెన్నాడినది. అతడు సోమరి కాడు. సోమరి అయినచో అన్ని ఏండ్లు వానలో నడచి ఉండడు. దొంగ కాడు, ఎగువవారి వద్ద ఒక్క రూకయు పుచ్చుకొనలేదు. అతని జీతము నెలనెల అందుచునే ఉన్నది. మరి ఏది లోపించినది? ఆ ప్రశ్నను మనసున ఉంచుకొని, మన ప్రాంతపు అనుభవములను కొన్నింటిని పరిశీలింతము.

కాలువ చెప్పు పాఠము

మనకు అన్నము పెట్టు కర్నూలు-కడప కాలువనే తీసికొందము. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట కడ పుట్టి, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములను తడుపుచు కడప వరకు సుమారు 300 కిలోమీటర్లు సాగు ఈ కాలువను త్రవ్వించినది ప్రభుత్వము కాదు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అను ఇంగ్లండు దేశపు వ్యాపార సంస్థ. 1863లో త్రవ్వకము మొదలై 1870 ప్రాంతమున ముగిసినది. నీటిపారుదలకును, పడవల రాకపోకలకును పనికివచ్చునని తలచి త్రవ్విరి.

ఆ కంపెనీతో చేసికొనిన ఒడంబడికలో ఒక షరతు ఉన్నది. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీ వచ్చునట్లు ప్రభుత్వము హామీ యిచ్చినది. కాలువ పారినను పారకున్నను, రైతు నీరు కొన్నను కొనకున్నను, వాటాదారునికి వడ్డీ ముట్టును. ఆ కాలమున రైలుమార్గములు వేసిన కంపెనీలకును ఇట్టి హామీలే యుండెను. ఖర్చు ఎంతైనను రాబడికి ముప్పు లేనప్పుడు పొదుపు చేయవలెనను బుద్ధి ఎట్లు పుట్టునని ఆనాడే విమర్శ వచ్చినది.

కాలువకు అంచనాను మించి వ్యయమైనది. నల్లరేగడి భూముల రైతులు వెంటనే నీటి సేద్యమునకు మరలలేదు. ఆశించిన ఆయకట్టు ఏర్పడలేదు. కడకు 1882లో ప్రభుత్వమే కంపెనీని కొనివేసినది. ఈ నష్టమునకు హామీ ఒక్కటే కారణమని మేము అనము. నేల స్వభావము, తప్పుడు అంచనాలు, రైతుల అలవాట్లు అన్నియు కలిసినవి. అయినను ఒక్క సత్యము తేటపడుచున్నది. ఫలముతో ముడిపడని ప్రతిఫలము పనివానిని నిద్రపుచ్చును. కంపెనీకి ఏది నిజమో మనిషికిని అదియే నిజము.

కళ్లములోని మేర

కంపెనీకి పూర్వమునుండియు మన చెరువుల క్రింద నీటిని పంచు పద్ధతి మరియొకటి ఉండెను. నీరుగంటి అనువాడు తూములు తెరచి మూసి, మడికి మడికి నీరు పారించెడివాడు. అతని కూలి నెలజీతము కాదు. పంట నూర్చిన కళ్లములో ప్రతి రైతు అతనికి మేర క్రింద ఇంత గింజ కొలిచి యిచ్చెడివాడు. పంట పండిన అతని పాలు నిండును. ఎండిన అతని కుండయు ఎండును. అర్ధరాత్రి గండి పడిన అతని నిద్రయే ముందు చెడెడిది. రైతు మేలును, పనివాని మేలును ఒక్క కొలపాత్రతో కొలిచిన పద్ధతి యిది.

అయితే ఈ పాత పద్ధతిని పొగడి ఊరకుండుట న్యాయము కాదు. ఆ వృత్తులు పుట్టుకచేత వచ్చినవి గాని కోరి ఎంచుకొనినవి కావు. మేర ఎంత పెట్టవలెనో నిర్ణయించువాడు భూస్వామి, అడుగువాడు దిగువకులమువాడు. మేర పేర వెట్టి చేయించినవారును ఉండిరి. వంశపారంపర్య గ్రామోద్యోగములు 1984లో రద్దగుట సమాజమునకు మేలే చేసినది. నెలజీతము పేదవానికి గౌరవము తెచ్చినది; ఎవని దయకును చేయి చాపనక్కరలేని స్థితి తెచ్చినది. పాత పద్ధతినుండి మనము గ్రహింపవలసినది ఒక్కటే: పనివాడు తన పని ఫలమును కన్నులార చూచెడివాడు. జీతము రాగా ఆ చూపు పోకుండ కాపాడుకొనవలసియుండెను. మనము కాపాడుకొనలేదు.

పంతుళ్ల బహుమానము

మరి జీతముతోపాటు పనినిబట్టి బహుమానము ఇచ్చినచో ఏమగును? దీనికి ఊహతో గాక పరీక్షతో సమాధానము చెప్పిన గడ్డ మన రాష్ట్రమే. 2005లో మొదలుపెట్టి, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెబడులలో ఒక గొప్ప ప్రయోగము జరిగినది. ప్రభుత్వమును, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషనును కలిసి నడిపిన ఈ ప్రయోగమును కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశీలించి 2011లో ఫలితములను ప్రకటించిరి. ప్రయోగము జరిగిన అయిదు జిల్లాలలో మన పొరుగు జిల్లా కడపయు ఒకటి.

చీట్లు తీసినట్లు బడులను ఎంచిరి. 100 బడులలో ప్రతి పంతులుకు అతని పిల్లల ప్రగతినిబట్టి విడిగా బహుమానము. మరి 100 బడులలో బడి మొత్తము ప్రగతినిబట్టి అందరికి సమానముగ బహుమానము. ఇంకొక 100 బడులను పోల్చి చూచుటకై యథాప్రకారము ఉంచిరి. బహుమానము పెద్దది కాదు. సగటున ఏడాది జీతములో నూటికి 3 పాళ్లు మాత్రమే. అయినను రెండేండ్లు గడచునప్పటికి బహుమానపు బడుల పిల్లలు గణితములోను, భాషలోను ముందంజ వేసిరి. తేలికగ చెప్పవలెనన్న, నూరుగురు పిల్లలలో సరిగా నడుమ నిలిచినవాడు గణితమున పదిమందిని, భాషయందు ఆరేడుగురిని దాటి ముందునకు పోయినంత మేలు అది. బహుమానము లేని సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రములలో కూడ పిల్లలు వెనుకబడలేదు, సరికదా మెరుగుపడిరి.

ఇందు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. పంతుళ్ల హాజరు పెరుగలేదు. వచ్చు దినములు అవే. వచ్చిన దినమున చేయు పని మారినది. అదనపు తరగతులు పెట్టిరి, ఇంటిపని ఎక్కువగ ఇచ్చిరి, అభ్యాస పరీక్షలు పెట్టిరి. మనము ఉద్యోగులను హాజరుపట్టీతో కొలుచుటకు అలవాటుపడితిమి. హాజరు ఒకటి, పని మరియొకటి అని ఈ పరీక్ష స్పష్టము చేసినది.

తొలి ఏడాది విడి బహుమానము, ఉమ్మడి బహుమానము రెండును సమానముగ పనిచేసినవి. అయిదేండ్ల వరకు చూడగా విడి బహుమానపు బడులే నిలకడగ మేలు చూపినవి. పదిమంది మోయు పల్లకిలో ఒకడు భుజము దించినను పల్లకి సాగునుగదా. ఆ భుజము దించు కోరిక క్రమముగ అందరికిని కలుగుననుకొందుము.

ఇందులకు భిన్నమైన అనుభవము ఇండొనీషియా దేశమున కలదు. అచ్చట 2005లో వచ్చిన సంస్కరణలచేత అర్హత పొందిన ఉపాధ్యాయుల మూలజీతమును ఏ షరతు లేక రెట్టింపు చేసిరి. 360 బడులలో జరిపిన పరిశోధన ఫలితములు 2018లో వెలువడినవి. పంతుళ్ల తృప్తి పెరిగినది, అప్పుల బాధ తగ్గినది, పక్క ఉద్యోగములు మానిరి. పిల్లల చదువు మాత్రము మారలేదు. జీతము పెంచుట తప్పని దీని భావము కాదు. బ్రతుకునకు చాలు జీతము పనివాని హక్కు. జీతము పెంచినంతనే పని పెరుగునని నమ్ముట మాత్రమే తప్పు.

బహుమానపు మరియొక ముఖము

ఇంతవరకు విన్నవారు, "అట్లయిన అన్ని పనులకును రేటు కట్టుదము, సమస్య తీరును" అనవచ్చును. తొందరపడరాదు. పంతుళ్ల ప్రయోగములో పరీక్ష పెట్టినది పంతులు కాదు, బయటివారు. కొలిచినది పిల్లవాడు చేరిన ఎత్తును కాదు, ఎక్కిన మెట్లను. అందుచేత మందబుద్ధులను వదలి తెలివిగలవారినే చేరదీయు అవకాశము తగ్గినది. ఇన్ని కట్టుబాట్లు లేనిచో బహుమానము అబద్ధపు లెక్కలకు దారితీయును.

పైగా కొలతకు అందని పనులు కలవు. 2005లో ఆశా కార్యకర్తల వ్యవస్థ వచ్చినప్పుడు వారికి జీతము లేదు. చేసిన పనికి ఇంత అని ప్రోత్సాహకము. గర్భిణిని ఆసుపత్రికి చేర్చిన ఇంత, బిడ్డకు టీకాలు పూర్తి చేయించిన ఇంత. దానిచేత ఆ పనులు లెక్కకెక్కినవి, మంచిదే. అయితే కాన్పు భయముతో నిద్రలేని ఇల్లాలి వాకిట కూర్చుండి గంటసేపు ధైర్యము చెప్పుటకు రేటు ఏది? తాగి వచ్చు భర్తకు బుద్ధి చెప్పుటకు రేటు ఏది? అయినను ఈ సభలోని సోదరీమణులు ఆ పనులు చేయుచునే యున్నారు. రేటు లేని ఆ పనులే ఊరికి వారిపై నమ్మకము కలిగించినవి. మన రాష్ట్రమున 2019లో వారికి నెలకు రూ. 10,000 పారితోషికము నిర్ణయించుట ఈ దృష్టితో చూచిన సమంజసముగ తోచును. కొంత స్థిరమైన ఆధారము, కొంత పనినిబట్టి ఫలము: రెండును ఉండవలెను.

బహుమానము మనసులోని ఇష్టమును చంపు సందర్భములును కలవు. 1971లో ఎడ్వర్డ్ డెసి అను అమెరికా మనస్తత్వవేత్త ఒక పరీక్ష ప్రకటించెను. చిక్కుముడి ఆటను ఇష్టముతో ఆడు విద్యార్థులలో కొందరికి డబ్బిచ్చి ఆడించెను; తరువాత డబ్బు మానివేసెను. డబ్బు పుచ్చుకొనినవారికి ఆ ఆటపై మునుపటి ఇష్టము తగ్గెను. డబ్బు గాక మంచిమాటతో మెచ్చుకొనబడినవారికి ఇష్టము తగ్గలేదు. మన ఇండ్లలోను ఇది కలదు. అమ్మమ్మకు మంచినీరు తెచ్చి యిచ్చు మనుమనికి చెంబుకు ఒక రూపాయి చొప్పున ఇచ్చి చూడుడు. రూపాయి మానిననాడు అమ్మమ్మ దాహము అతనికి కనబడదు.

ఉలి పట్టిన చేయి

ఆళ్లగడ్డలో నిలిచి మాటలాడుచు శిల్పులను తలపకుండుట తగదు. ఈ ఊరి రాతిశిల్పమునకు దేశమంతట పేరు కలదు. భౌగోళిక గుర్తింపును లభించినది. ఇచ్చట చెక్కిన విగ్రహములు దూరదేశముల ఆలయములకును పోవుచున్నవి. వెల ముందే కుదురును. కుదిరిన పిదప శిల్పి ఎంత నునుపు చేసినను వెల పెరుగదు. గోడకు ఆనించి నిలుపు విగ్రహపు వీపును ఎవరును చూడరు. అయినను నేర్పుగల శిల్పి ఆ వీపుపై జడకుప్పెలను, మొలనూలి ముడిని కూడ తాలమానము తప్పక చెక్కును. కండ్లు చెక్కుట చివరికి మిగుల్చుకొని, ఆనాడు శుచిగ వచ్చి కూర్చుండును. ఇది ఏ బహుమానము కొరకు?

తన పనిని తానే చూచుకొనును గనుక. రాయి అబద్ధమాడదు, దెబ్బ తప్పిన ముక్కు విరుగును. గురువు ఒక్కసారి చేతితో తడవి తల ఊపిన చాలును. పని మొదలునుండి కడవరకు తనది. ఇది నేను చేసినది అని చూపుటకు ఒక వస్తువు కన్నులయెదుట నిలుచును. మనసులోనుండి పుట్టు ప్రేరణకు కావలసినవన్నియు ఇందున్నవి.

నంద్యాలలోని వ్యవసాయ పరిశోధనా స్థానమునందును ఇట్టి ధర్మమే కలదు. 1906లో మొదలైన ఆ స్థానము నరసింహ అను పత్తి వంగడమును, నంద్యాల సన్నాలను రైతులకు ఇచ్చినది. ఒక వంగడము తయారగుటకు పదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ఆ పదేండ్లు శాస్త్రవేత్తకు జీతము నెలనెల ఒకటే. వేయి మొక్కలు చూచి తొమ్మిదివందల తొంబది తొమ్మిదింటిని పారవేయు ఓపికను ఏ భత్యము కొనగలదు? ఒకనాడు రహదారి ప్రక్క రైతు పొలమున తన వంగడము విరగకాచి ఉండగా చూచుట, అదియే అతని అసలు భత్యము.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. "పనిలో ఆనందము కలదుగదా, కూలి ఎందుకు?" అనువారు కొందరుందురు. ఇది అన్యాయము. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకొను శిల్పికి తగిన వెల దక్కకున్న అతని కుమారుడు ఉలి పట్టడు. మనసును సాకుగ చూపి కడుపు కొట్టరాదు. 1959లో హెర్జ్‌బర్గ్ అను పండితుడు సుమారు 200 మంది ఇంజినీర్లను, లెక్కలు వ్రాయువారిని ప్రశ్నించి చెప్పినది ఇదియే: చాలని జీతము, చెడ్డ అజమాయిషీ అసంతృప్తిని పుట్టించును, అవి సరియైనచో అసంతృప్తి పోవునే గాని ఉత్సాహము పుట్టదు. ఉత్సాహము సాధించితిమను భావముననుండి, గుర్తింపునుండి, బాధ్యతనుండి పుట్టును. చేనికి గట్టు ఒకటి, ఎరువు ఒకటి. గట్టు లేనిదే నీరు నిలువదు. గట్టు వేసినంతనే పైరు పెరుగదు.

కాకినాడ నేర్పినది

మనసు అనునది పుట్టుకతో వచ్చునదేనా, నేర్పవచ్చునా? దీనికిని తెలుగునేలపైననే సమాధానము దొరకినది. 1960 ప్రాంతపు దశాబ్దమున డేవిడ్ మెక్లెలండ్ అను హార్వర్డ్ ఆచార్యుడు కాకినాడ వ్యాపారులను కొందరిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి స్వల్పకాల శిక్షణ ఇప్పించెను. వారికి డబ్బు ఇవ్వలేదు. లక్ష్యములను తామే ఎంచుకొనుట, వానిని అందుకొనదగినంత ఎత్తులో నిలుపుట, ఎంతవరకు వచ్చితిమో తామే లెక్క చూచుకొనుట నేర్పిరి. తరువాతి సంవత్సరములలో శిక్షణ పొందినవారు పొందనివారికంటె ఎక్కువగ కొత్త పనులు మొదలుపెట్టిరి, పెట్టుబడి పెట్టిరి, ఇతరులకు పని కల్పించిరి. సంప్రదాయపు ఆచారములు దీనికి అడ్డు రాలేదు. ఈ ఫలితములు 1969లో గ్రంథరూపమున వెలువడినవి. పైనుండి వచ్చిన లక్ష్యమును మోయువానికిని, తాను ఎంచుకొనిన లక్ష్యమును వెంబడించువానికిని నడకలోనే భేదము కలదని దీనినుండి గ్రహింపవచ్చును.

మనము చేయదగిన పనులు

ఇక మన ఊరికి వత్తము. జీతములు నిర్ణయించు అధికారము గ్రామసభకు లేదు. అయినను పనివాని మనసును నిలుపు సాధనములు పెక్కు మన చేతిలోనే యున్నవి.

మొదటిది, పనిని చదువుట. ఉద్యోగి వ్రాసిన ప్రతి లెక్కను ఎవరో ఒకరు చదువవలెను. చదివినట్లు అతనికి తెలియవలెను. చదువని లెక్కను అడుగనే వద్దు.

రెండవది, ఫలమును చూపుట. కాలువ లస్కరును ఏడాదికి ఒక్కసారియైనను కొసభూమి రైతు కళ్లమునకు పిలువుడు. పంతులుకు అతని వద్ద చదివి పైచదువునకు పోయిన పిల్లలను చూపుడు. ఆశా సోదరి కాచిన బిడ్డను ఎత్తుకొని సభకు రండు.

మూడవది, మెప్పును సకాలమున, సకారణముగ చెప్పుట. శాలువ కప్పి, పూలదండ వేసి "మంచి ఉద్యోగి" అనుట చాలదు. ఏ పని ఎట్లు చేసినందుకు ఎవరికి ఏ మేలు కలిగినదో చెప్పవలెను. వంతులవారీగ ఏటేట ఒకరికి ఇచ్చు బహుమతి ఎవరికిని బహుమతి కాదు. పలుకుబడిని చూచి ఇచ్చిన బహుమతి కష్టపడినవానిని అవమానించుటయే.

నాలుగవది, అజమాయిషీని న్యాయముగ నడుపుట. పనిచేసినవానిపైననే మరింత పని వేసి, చేయనివానిని వదలివేయుట మన కార్యాలయముల పాతజబ్బు. అట్టిచోట పని నేర్చుట శిక్షగ మారును.

అయిదవది, లక్ష్యములను పనివానితో కలిసి నిర్ణయించుట. 1997 నాటి చట్టమువలన ఏర్పడిన నీటి సంఘములకు ఈ అవకాశము నిండుగ కలదు. వంతులు వేయునపుడు లస్కరును కూర్చుండబెట్టి అడుగుడు. ఏ తూము ఎప్పుడు మొరాయించునో అతనికి తెలిసినంత ఎవరికిని తెలియదు.

ఉద్యోగ సోదరులకును ఒక్కమాట. ఎవరును చూచుట లేదను బాధ నిజమైనదే. కాని చూడనివాడు పై అధికారి. ఎండినది కొస రైతు పైరు. ఒకరి అశ్రద్ధకు శిక్ష మరియొకరికి పడినది. కాగితము వెనుక ఒక మనిషి నిలిచియుండుననుట మరువకుడు.

ముగింపు

ఆ లస్కరు కథను సగములో విడిచితిమి. కొస రైతులలో ఒక వృద్ధుడు అతనిని తిట్టుటకు పోయి, ఆ మాట విని, తిట్టక తిరిగివచ్చెను. తరువాతి సంవత్సరమునుండి ఆ నీటి సంఘపువారు పదునైదు దినములకొకసారి కూడి ఆ పుస్తకమును బిగ్గరగ చదివించుట మొదలిడిరి. మట్టము తగ్గిననాడు ఎందుకు తగ్గినదని అడిగిరి. మొదటి సమావేశమున అతడు తడబడెను. రెండవదానికి సమాధానములు సిద్ధము చేసికొని వచ్చెను. మూడవదానికి తానే ఎగువ తూము షట్టరునకు తాళము వేయవలెనని సూచించెను. అతని జీతము నాడును నేడును ఒకటే. ఎగువవారి దొంగతనము పూర్తిగా ఆగినదని మేము చెప్పము. కాని ఆ ఏడు కొసభూములలో సగమునకు పైగా పైరు చేతికి వచ్చినది.

తరువాత ఒకసారి ఆ త్రోవను పోవుచు మేము అతనిని చూచితిమి. తెల్లవారుజామున కొలబద్ద కడ వంగి, చేతిదీపముతో అంకె చూచుచుండెను. "ఇంత చీకటిలోనా?" అని అడిగితిమి. "రేపు చదువుతారండీ" అని అతడు బదులు చెప్పెను.

మన ఊరిలో మన కొరకు పనిచేయుచున్నవారి పుస్తకములు ఎన్ని మూతపడి యున్నవో, వానిలో మొదటిదానిని ఈ వారముననే తెరువుడని మిమ్ము కోరుచున్నాము.